దాచే రంగు, చూపే రంగు

ఆ మధ్య మా బిజినేపల్లిలో తొమ్మిదో తరగతి చదివే పిల్లవాడు ఒక ఫొటో తెచ్చి నాకు చూపించాడు. హైదరాబాదు బేగంపేటలో విమానాల ప్రదర్శన చూడబోయిన వాళ్ల మామయ్య తీసిన ఫొటో అది. ఇద్దరు కూర్చునే చిన్న శిక్షణ విమానం. ముక్కు దగ్గర రెండు రెక్కల ప్రొపెల్లర్. రెక్కల కొసలకు పసుపు రంగు పట్టీలు. ఒక కొసన మాత్రం రంగు పెచ్చులు లేచి, లోపలి లోహం తెల్లగా కనబడుతున్నది.

"సార్, ఇంత విమానం కొన్నవాళ్లు ఆ కాస్త రంగు వేయించలేరా? మా బాపు ట్రాక్టరుకు నేనే రంగు వేసిన. డబ్బా, బ్రష్షు ఇస్తే అయిదు నిమిషాల పని!" అన్నాడు. తరగతిలో అందరూ నవ్వారు.

పిల్లలూ! ఆ 'అయిదు నిమిషాల పని' అన్న మాట గురించే ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెబుతాను. రంగు వేయడం చిన్న పనే. కాని రంగు వేసే ముందు ఆ చోటును చూడటం పెద్ద పని. చూడకుండా వేసిన రంగు అబద్ధంతో సమానం. మనం బడిలో, ఇంట్లో, ఊళ్లో ఈ అబద్ధాన్ని చాలాసార్లు ఆడుతున్నాము. ఎలాగో ప్రొపెల్లర్ దగ్గరినుంచే మొదలుపెట్టి చూద్దాము.

అసలు ఆ రంగు ఎందుకు?

బేగంపేట పేరు మీరు వినే ఉంటారు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచిన తరువాత ప్రయాణికుల విమానాలు అక్కడికి మారాయి. కాని విమానం నడపడం నేర్పే తెలంగాణ రాష్ట్ర ఏవియేషన్ అకాడమీ బేగంపేటలోనే ఉన్నది. అక్కడ శిక్షణకు సెస్నా వంటి చిన్న విమానాలు వాడతారు. దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీలో కూడా కొత్తవారు మొదట నేర్చుకునేది ప్రొపెల్లర్ విమానం మీదనే.

ఇటువంటి విమానంలో పైలట్ ప్రొపెల్లర్ వెనకాల కూర్చుంటాడు. అంటే రెక్కల వెనుక వైపు అతని కళ్లకు ఎదురుగా తిరుగుతూ ఉంటుంది. లోహం మెరుస్తూ ఉంటే ఎండ దానిమీద పడి కళ్లలోకి కొడుతుంది. అందుకని ఆ వైపున మెరుపు లేని నల్ల రంగు వేస్తారు. నలుపు కాంతిని పీల్చుకుంటుందని మీరు చదివినదే.

ఇక కొసల మీది పసుపు పట్టీ సంగతి. అది సోకు కోసం కాదు. ఇంజను నెమ్మదిగా, నిమిషానికి 700 చుట్లు తిరుగుతున్నదనుకోండి. రెండు రెక్కలు కాబట్టి మన కళ్ల ముందునుంచి నిమిషానికి 1,400 సార్లు, అంటే సెకనుకు 23 సార్లు ఒక రెక్క దాటిపోతుంది. ఒక దృశ్యం మన కంటిలో సెకనులో పదహారో వంతు కాలం నిలిచి ఉంటుంది కదా! కనుక రెక్కలు విడివిడిగా కనబడవు. కలిసిపోయి పలుచని పొగలాగా అవుతాయి. అక్కడ ఏమీ లేదనుకొని మనిషి దానిలోకి నడిచే ప్రమాదం ఉన్నది. కొసలకు పసుపో, తెలుపో, ఎరుపో పట్టీ ఉంటే, అది తిరిగేటప్పుడు గాలిలో గీసిన వలయంలాగా కనబడుతుంది. 'ఇక్కడిదాకా ప్రమాదం, దగ్గరికి రాకు' అని చెబుతుంది.

మూడో పని రక్షణ. సాధారణంగా ఈ రెక్కలను అల్యూమినియం మిశ్రమ లోహంతో చేస్తారు. దుమ్ము, చిన్న రాళ్లు, వాన చినుకులు రెక్క ముందు అంచును కొడుతూనే ఉంటాయి. రంగు లేచిపోయిన చోట తేమ తగిలి లోహం మీద సన్నని గుంటలు పడతాయి. అల్యూమినియానికి ఇనుములాగా ఎర్రని తుప్పు పట్టదు. కాని దానికీ క్షయం ఉన్నది. అది తెల్లని పొడిలాగా కనబడుతుంది. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది కనుక తీర ప్రాంతాలలో ఈ బెడద మరీ ఎక్కువ.

చూశారా! ఆ కాస్త రంగుకు మూడు ఉద్యోగాలు. కనుక రంగు పోతే వేయించాలి అన్న మా పిల్లవాడి మాట సరైనదే. తేడా వచ్చేది 'అయిదు నిమిషాల' దగ్గర.

ఒక గ్రాము లెక్క

పలకా బలపం తీయండి. చిన్న విమానపు ప్రొపెల్లర్ ఒక కొసనుంచి మరో కొసకు సుమారు 190 సెంటీమీటర్లు ఉంటుంది. ఒకసారి తిరిగితే కొస ప్రయాణం చేసే దూరం 3.14 × 1.9, అంటే దాదాపు 6 మీటర్లు. పూర్తి వేగంలో నిమిషానికి 2,700 చుట్లు, అంటే సెకనుకు 45 చుట్లు. కాబట్టి కొస వేగం సెకనుకు సుమారు 268 మీటర్లు. గంటకు 960 కిలోమీటర్లు దాటింది! గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. విమానం నేల మీద కదలకుండా నిలబడి ఉన్నా, దాని ప్రొపెల్లర్ కొస మాత్రం ధ్వని వేగంలో మూడు వంతులకు పైగా వేగంతో పరుగెత్తుతున్నదన్నమాట.

వృత్తంలో తిరిగే వస్తువును కేంద్రం వైపు లాగి పట్టి ఉంచడానికి బలం కావాలి. వేగాన్ని వేగంతో గుణించి వ్యాసార్ధంతో భాగిస్తే త్వరణం వస్తుంది. 268 × 268 ÷ 0.95 చేయండి. సుమారు 75,600 వస్తుంది. భూమి గురుత్వ త్వరణం 9.8 మాత్రమే. అంటే కొస దగ్గర ఉన్న వస్తువు తన బరువుకు 7,700 రెట్లు బలంతో బయటికి గుంజుతున్నట్టు రెక్కకు తోస్తుంది. అక్కడ ఒక గ్రాము రంగు అంటుకొని ఉంటే, 7.7 కిలోల బరువు వేలాడగట్టినట్టు!

రెండు రెక్కల కొసలకూ సమానంగా రంగు ఉంటే చిక్కు లేదు. ఇటు గుంజేది, అటు గుంజేది సరిపోతాయి. ఒకదానికి మాత్రమే వేస్తేనే తంటా. కొసన 10 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పట్టీ తీసుకోండి. రెండు వైపులా కలిపి 200 చదరపు సెంటీమీటర్లు. బ్రష్షుతో దళసరిగా కొడితే, ఆరిన పూత మిల్లీమీటరులో పదో వంతు మందం ఉన్నదనుకుందాము. దాని ఘనపరిమాణం 2 ఘన సెంటీమీటర్లు. బరువు రెండు గ్రాములకు తగ్గదు. అంటే 15 కిలోల గుంజుడు, ఒకే పక్కకు. పైగా ఆ పక్క ఒకచోట నిలవదు. సెకనుకు 45 సార్లు దిక్కు మార్చుకుంటూ ఇంజనును చుట్టూ కుదుపుతుంది.

దీనితో రెక్క విరిగిపోతుందని భయపెట్టడం లేదు. రెక్కను అంతకన్నా ఎన్నో రెట్ల బలానికి తట్టుకునేలా తయారు చేస్తారు. కాని వణుకు పుడుతుంది. వణుకుకు బోల్టులు సడలుతాయి, గొట్టాలు రాసుకుంటాయి, పరికరాలు పాడవుతాయి, పైలట్‌కు అలసట వస్తుంది. అందుకే ఒక రెక్కకు రంగు వేస్తే అన్ని రెక్కలకూ సమంగా, పలుచని పొరలుగా వేస్తారు. తరువాత తూకం సరిచూస్తారు. ఒక పద్ధతిలో ప్రొపెల్లర్‌ను ఇరుసుకు ఎక్కించి, సమతలంగా పెట్టిన రెండు కత్తి అంచుల వంటి పట్టాల మీద ఆనిస్తారు. ఏ రెక్క బరువైతే అది మెల్లగా కిందికి దిగుతుంది. మన కిరాణా కొట్టు తక్కెడ పనిచేసే తీరే ఇది!

షాంపూ ప్యాకెట్ పాఠం

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. రంగు లేచిన చోట చిన్న గాటు కూడా ఉండవచ్చు. రాయి తగిలితే రంగు ఒక్కటే పోదు, లోహానికీ దెబ్బ తగులుతుంది. గాటు గోరంత. దానిమీద రంగు పూస్తే కనబడదు. పోయిందేమిటి?

షాంపూ ప్యాకెట్ అంచున చిన్న గాటు పెట్టి ఉంటుంది, చూశారు కదా! గాటు లేనిచోట ఎంత గుంజినా చిరగదు. గాటు దగ్గర పట్టుకుంటే చర్రున చిరుగుతుంది. బట్టల దుకాణంలో కూడా కత్తెరతో కొస కొద్దిగా కత్తిరించి తక్కినదంతా చేతితో చింపుతారు. కారణం ఒక్కటే. వస్తువంతటా పరుచుకోవలసిన బలం గాటు మొన దగ్గర పోగుపడుతుంది. ప్రొపెల్లర్ రెక్క తిరిగినంతసేపూ గుంజుడు, వంపు, వణుకు పడుతూనే ఉంటుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే కాసేపటికి తెగుతుంది కదా! అదే తీరుగా గాటు మొనలో పుట్టిన సన్నని పగులు రోజురోజుకు లోపలికి పాకుతుంది.

అందుకే తెలిసిన మెకానిక్ గాటు చూసిన వెంటనే రంగు డబ్బా ముట్టడు. మొదట మెత్తని గుడ్డతో శుభ్రం చేస్తాడు. భూతద్దం పెట్టి చూస్తాడు. తయారీదారు పుస్తకం ఎంత లోతు గాటును సరిచేయవచ్చన్నదో చూస్తాడు. అంతకు మించితే రెక్కను పక్కన పెట్టవలసిందే. మించకపోతే ఆకురాయితో, ఉప్పుకాగితంతో మెల్లగా రుద్ది, నిట్టనిలువు గాటును వాలుగా ఉన్న పల్లంగా మారుస్తాడు. మొన పోయింది కాబట్టి బలం ఒకచోట పోగుపడదు. లప్పం పెట్టి పూడ్చడం మాత్రం పనికిరాదు. లప్పం గుంటను నింపుతుంది కాని బలాన్ని మోయదు.

పగులు ఉన్నదేమోనని అనుమానం వస్తే మరో రంగు తీస్తాడు. ఈ రంగు నాకు చాలా ఇష్టం! పాత రంగు పూర్తిగా తీసివేసిన లోహం మీద పలుచని ఎర్రని ద్రవం పూస్తారు. అది కంటికి ఆనని పగులులోకి కూడా, దీపపు వత్తిలోకి నూనె పాకినట్టు పాకుతుంది. కాసేపు ఆగి పైనున్నదంతా తుడిచివేసి తెల్లని పొడి పూత వేస్తారు. పగులు ఉంటే దానిలో దాగిన ఎరుపు పైకి ఊరి, తెల్లని పూత మీద సన్నని ఎర్ర గీత పడుతుంది. పైన పాత రంగు ఉంటే పగులు నోరు మూసుకుపోయి ఈ పరీక్ష ఫలించదు.

గమనించారా పిల్లలూ! ఒక రంగు పగులును దాస్తుంది, మరో రంగు పగులును చూపిస్తుంది. దాచే రంగు వేయడానికి బ్రష్షు చాలు. చూపే రంగు వేయడానికి 'తప్పు బయటపడితే పడనీ' అన్న ధైర్యం కావాలి.

రెండు కథలు

అమెరికాలో 1903లో రైటు సోదరులు మొట్టమొదటి విమానం ఎగరవేశారని మీకు తెలుసు. వాళ్ల ప్రొపెల్లర్లు చెక్కవి. కొసలు చీలిపోకుండా గుడ్డ అంటించి, పైన అల్యూమినియం రంగు పూశారు. అంటే ప్రొపెల్లర్ రంగు వయస్సు విమానం వయస్సంతే! ఆ సంవత్సరం నవంబరు చివరలో ఇంజనును నడిపి చూస్తుండగా ప్రొపెల్లర్‌ను తిప్పే గొట్టపు ఇరుసులో పగులు కనబడింది. చలికాలం ముంచుకొస్తున్నది. అప్పటికే ఎంతో ఆలస్యమైంది. అయినా ఆర్విల్ రైటు వందల మైళ్ల దూరంలోని డేటన్‌కు రైలులో వెళ్లి, గట్టి ఉక్కు ఇరుసులు చేయించుకొని డిసెంబరు 11న తిరిగివచ్చాడు. డిసెంబరు 17న విమానం ఎగిరింది. పగులును చూసి ఆగడం వలన రెండు వారాలు పోయాయి. కాని చరిత్ర పోలేదు.

రెండో కథ దుఃఖకరమైనది. 1995 ఆగస్టు 21న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ముప్ఫై సీట్ల ప్రొపెల్లర్ విమానం ఒకటి గాలిలో ఉండగా ఒక ప్రొపెల్లర్ రెక్క విరిగిపోయింది. విమానం పొలంలో కూలింది. కెప్టెన్‌తో సహా పలువురు మరణించారు. దర్యాప్తులో తేలినది ఇది. రెక్క లోపలి రంధ్రంలో క్షయం వలన గుంటలు పడ్డాయి. వాటినుంచి పగులు పుట్టింది. అంతకు ముందటి సంవత్సరమే పరీక్షలో అనుమానం వచ్చి ఆ రెక్కను మరమ్మతు కేంద్రానికి పంపారు. అక్కడ ఆ చోటును రుద్ది నునుపు చేసి, బాగున్నదని తిరిగి పంపారు. పైకి గుంటలు పోయాయి. పగులు లోపలే ఉండిపోయింది.

అక్కడ పనిచేసినవారు చెడ్డవారని నేననను. దర్యాప్తు కూడా తప్పును ఒక్క మనిషి మీద పెట్టలేదు. పరీక్ష చేసే పద్ధతి, ఇచ్చిన శిక్షణ, రాతకోతలు సరిగా లేవన్నది. కాని మనకు పాఠం స్పష్టంగానే ఉన్నది. నునుపుగా కనబడటం వేరు, బాగుండటం వేరు.

మన గోడల మాట

'మాస్టారూ, విమానాల సంగతి మాకెందుకు?' అని మీరు అడగవచ్చు. నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక బడిలో ఒక తరగతి గది గోడకు, కిటికీ మూలనుంచి పైకి పగులు ఉండేది. తనిఖీకి పెద్దలు వస్తున్నారని కబురు వచ్చింది. పగులులో ఇంత సున్నం మెత్తి, గోడంతా తెల్లగా వెల్ల వేయించాము. 'వేయించాము' అంటున్నాను. ఎందుకంటే వేద్దామన్నవారిలో నేనూ ఒకడిని. గది ముచ్చటగా కనబడింది. తనిఖీ బాగా జరిగింది. ఆ తరువాతి వానాకాలంలో ఒక ఆదివారం రాత్రి కిటికీ పైభాగం పెళ్లగా ఊడి బెంచీ మీద పడింది. సోమవారం ఉదయం ఆ బెంచీ చూసి నా కాళ్లు వణికాయి. అక్కడ రోజూ నలుగురు ఆడపిల్లలు కూర్చునేవారు.

ఆ రోజు పగులు మమ్మల్ని మోసం చేయలేదు. అది నెలల తరబడి మాకు కనబడుతూనే ఉన్నది. మేమే దాని నోరు మూశాము.

'అంటే వెల్ల వేయవద్దా? బడి శుభ్రంగా ఉండవద్దా?' అనకండి. తప్పక వేయాలి. ప్రొపెల్లర్‌కు రంగు ఎంత అవసరమో గోడకు వెల్ల అంత అవసరం. నేను అనేది వరుస గురించి. మొదట చూడాలి, తరువాత రాసిపెట్టాలి, తరువాత బాగుచేయాలి, అన్నిటికన్నా చివర రంగు. మనం చాలాసార్లు చివరి మెట్టు మీదికే నేరుగా ఎగురుతున్నాము. నోటుబుక్కులో తప్పు లెక్కను తుడిచివేసి, పక్కవాడి జవాబు రాసుకోవడం కూడా ఇటువంటి రంగే. తప్పు ఎక్కడ జరిగిందో కనబడకపోతే రేపు పరీక్షలో అదే చోట మళ్లీ తెగుతుంది.

ఖర్చు మాట కూడా కొందరు ఎత్తుతారు. గోరంత గాటుకు విమానాన్ని ఆపితే నష్టం కాదా అని. నష్టమే. అయితే గాటును ఆకురాయితో తీర్చే ఖర్చు ఎంత? కొత్త రెక్క ఖర్చు ఎంత? మనిషి ఖర్చు ఎంత? మూడోదానికి లెక్క కట్టగలిగినవారు ఇంతవరకు పుట్టలేదు.

విమానాల మరమ్మతులో నాకు నచ్చిన ఏర్పాటు ఒకటి ఉన్నది. పని పూర్తయ్యాక ఏమి చూశారో, ఏమి చేశారో పుస్తకంలో రాయాలి. మన దేశంలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన లైసెన్సు ఉన్న ఇంజనీరు దానికింద సంతకం చేయాలి. ఆ సంతకాన్ని నమ్మి పైలట్ గాలిలోకి లేస్తాడు. విమానం అనగానే మీరందరూ పైలట్ అవుతామంటారు. మంచిదే! కాని ఆ సంతకం చేసే మనిషి కావాలని కూడా మీలో కొందరు కలగనండి. ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవారు ఆ శిక్షణకు వెళ్లవచ్చు. రైటు సోదరుల ఇంజను తయారుచేసిన చార్లెస్ టేలర్ కూడా వర్క్‌షాపు మెకానిక్కే. ఆయన పుట్టిన మే 24ను విమాన మెకానిక్కుల దినంగా జరుపుకుంటారు.

మీరు చేయగలిగిన పని

ఒక స్కేలును నడుమన పెన్సిలు మీద అడ్డంగా నిలబెట్టండి. నిలిచాక ఒక కొసన చిన్న స్టిక్కరు అంటించండి. ఏమైంది? రెండో కొసన అటువంటిదే అంటించండి. బ్యాటరీతో తిరిగే బొమ్మ పంఖా ఉంటే, ఆపి ఉంచి ఒక రెక్క కొసకు టేపు ముక్క అంటించి, తరువాత తిప్పండి. చేతికి వణుకు తెలుస్తుంది. ఇంటి సీలింగ్ పంఖాతో మాత్రం ఈ పని చేయవద్దు. విమానం చూడబోయినా, ఆగి ఉన్నది కదా అని ప్రొపెల్లర్‌ను ముట్టుకోవద్దు.

రెండో పని ఇంకా ముఖ్యం. మీ బడి గోడలలో, మీ ఇంటి గోడలలో పగులు ఎక్కడైనా ఉన్నదేమో వెతకండి. పగులుకు అడ్డంగా పలుచని కాగితపు పట్టీని రెండు కొసలా బంకతో గట్టిగా అంటించి, దానిమీద తేదీ వేయండి. పట్టీ చిరిగితే పగులు పెరుగుతున్నదని అర్థం. ఆ వెంటనే తేదీతో సహా ప్రధానోపాధ్యాయులకు చూపించండి, ఇంట్లో అయితే పెద్దవారికి చెప్పండి. గోడ దగ్గర ఆడుకోవద్దని చిన్నవాళ్లను వారించండి. ఎవరైనా 'వెల్ల వేస్తే పోతుందిలే' అంటే, మర్యాదగానే, 'ముందు మేస్త్రీని పిలిపిద్దాం సార్' అనండి.

ఫొటో తెచ్చిన పిల్లవాడికి ఇదంతా చెప్పాక వాడు కాసేపు తల గోక్కున్నాడు. "సార్, మా ట్రాక్టరు చక్రం దగ్గర రంగు వేసేటప్పుడు ఒక గీత కనబడ్డది. రంగే పోయిందనుకొని పూసేసిన" అన్నాడు మెల్లగా. మరునాడు తండ్రీకొడుకులు ఆ చోట రంగు గీకి చూశారట. అది ఉత్త గీతే. పగులు కాదు.

అయినా గీకి చూశారు. నాకు కావలసింది అదే.